పందెం బాకీ కోసం పొలం అమ్మకండి

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదిన్నరగా క్రికెట్ పందేలు కాస్తున్నాడని మాకు పోయిన నెలలోనే తెలిసింది. తోటి ఉద్యోగి పరిచయం చేసిన ఒక వ్యక్తి వాట్సాప్‌లో ‘ఐడీ’ ఇచ్చాడట. మొదట్లో నాలుగు డబ్బులు వచ్చాయి, తర్వాత జీతమంతా అందులోనే పోయింది. ఇప్పుడు ఆ వ్యక్తికి 1,80,000 రూపాయలు బాకీ ఉన్నానంటున్నాడు. సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు, ఒక ప్రామిసరీ నోటు అతని చేతిలో ఉన్నాయి. ఇది నేరం కాదా అని అడిగితే తమ్ముడు ఒప్పుకోవడం లేదు. కంపెనీ విదేశాల్లో ఉంది, దానికి లైసెన్సు ఉంది, గుర్రప్పందేలకు లేని తప్పు దీనికెందుకు, ఆటను అంచనా వేయడం నైపుణ్యమని సుప్రీంకోర్టే చెప్పింది అని వాదిస్తున్నాడు. ఇంకొక విషయం. నెలకు 5,000 రూపాయలు ఇస్తామంటే తన పేరు మీద కొత్త బ్యాంకు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు వాళ్లకే ఇచ్చాడట. ఆ ఖాతాను బ్యాంకు ఆపేసింది. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి నోటీసు కూడా వచ్చింది. నాన్నకు ఇవేవీ తెలియవు. మాకున్నది ఎకరం పది గుంటల పొలం. నా నగలు తాకట్టు పెట్టి బాకీ కట్టేయాలా? పోలీసుల దగ్గరికి వెళితే తమ్ముడినే పట్టుకుంటారా? నాన్నకు చెప్పాలా?

సమాధానం:

అమ్మా,

‘ఇంకొక విషయం’ అంటూ మీరు చివర్లో రాసిన సంగతే ఈ ఉత్తరం మొత్తంలో పెద్దది. మీరు బాకీని చూసి భయపడుతున్నారు, నాకు ఆ ఖాతాను చూస్తే భయంగా ఉంది. అందుకే ముందుగా ఒక మాట. నగలు తాకట్టు పెట్టకండి. పొలం జోలికి అసలే పోకండి. ఆ 1,80,000 రూపాయలను కోర్టు ద్వారా వసూలు చేసుకునే హక్కు, పందేలు కాయించే ఆ వ్యక్తికి, అంటే ఆ బుకీకి, లేదు. ఎందుకు లేదో, రేపు అతను చెక్కులు బయటికి తీస్తే ఏం చేయాలో కాసేపట్లో చెబుతాను. మొదట ఖాతా సంగతి చూద్దాం.

ఐడీ తీసుకున్నవాళ్ల దగ్గర డబ్బు ఎలా కట్టించుకుంటారో మీ తమ్ముడికి బాగా తెలుసు. వాట్సాప్‌లో ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వస్తాయి. పందెం కాయడానికి పాయింట్లు కొనాలి. అందుకు ఒక ఖాతా నంబరో, యూపీఐ క్యూఆర్ కోడో పంపుతారు. అందులో డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెడితే పాయింట్లు పడతాయి. పొద్దున పంపిన ఖాతా ఒకరి పేరు మీద ఉంటుంది, రాత్రి మ్యాచ్ మొదలయ్యే వేళకు మరొకరి పేరు మీద ఉంటుంది. అవి కంపెనీల పేర్లు కావు, మనుషుల పేర్లు. ఎక్కడో ఒక ఊళ్లో నెలకు ఇంత అని మాట్లాడుకుని ఖాతా అప్పగించిన విద్యార్థివో, కూలీదో, చిరుద్యోగిదో ఆ పేరు. ఇన్నాళ్లూ మీ తమ్ముడు డబ్బు వేసింది అలాంటివాళ్ల ఖాతాల్లోనే. ఇప్పుడు అతని పేరు కూడా ఆ వరసలో చేరింది.

ఆ ఖాతా స్టేట్‌మెంటు తెప్పించి మీరే ఒకసారి చదవండి. ఇలాంటి ఖాతాల్లో మామూలుగా కనిపించేది ఇదీ: ముక్కూమొహం తెలియని పేర్ల నుంచి ఐదు వందలు, రెండు వేలు, పది వేలు చొప్పున జమలు, అవి పోగుపడగానే మొత్తం ఒక్కసారిగా ఇంకో ఖాతాకు బదిలీ. అందులో పందేల డబ్బు మాత్రమే ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంటి నుంచే పని ఇప్పిస్తామనో, షేర్లలో లాభం చూపిస్తామనో మోసం చేసి గుంజిన సొమ్ము కూడా ఇవే ఖాతాల మీదుగా పోతుంది. మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇస్తే, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో పట్టుకుంటూ పోయి దారిలో ఉన్న ఖాతాలన్నింటినీ ఆపిస్తారు. మీ తమ్ముడు ఎన్నడూ అడుగుపెట్టని రాష్ట్రం నుంచి నోటీసు రావడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. పందెం కాసినందుకు ఏ పోలీసూ అంత దూరం నుంచి నోటీసు పంపడు.

చట్టం దృష్టిలో ఇది ఎంత బరువైనదో చెబుతాను. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద మోసానికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అదే సంహితలో 112వ సెక్షన్ ఉంది. ముఠా సభ్యుడిగా అనధికార బెట్టింగ్ నడపడం వంటి పనులను అది చిన్న తరహా వ్యవస్థీకృత నేరం అంటుంది. దానికి కనీసం ఏడాది, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. ఇక 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటలకు సంబంధించిన చెల్లింపులకు వీలు కల్పించడాన్ని కూడా నేరం చేసింది. అది బ్యాంకులకే పరిమితం కాదు, ఆ పని చేసిన ఎవరికైనా వర్తిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మీ తమ్ముడి మీద ఇవన్నీ రుజువవుతాయని నేను అనడం లేదు. ఆ ఖాతాలో ఏం జరుగుతోందో అతనికి ఎంత తెలుసు అన్నదాని మీదే కేసు నిలుస్తుంది. అయితే కార్డు, సిమ్ము రెండూ ఇచ్చి నెలనెలా డబ్బు తీసుకున్నవాడు ‘నాకేమీ తెలియదు’ అంటే నమ్మించడం కష్టం. అందుకే ఈ విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దంటున్నాను.

నోటీసు నిజమైనదో కాదో ముందు తేల్చుకోండి. పోలీసుల పేరుతో నకిలీ నోటీసులు పంపి డబ్బు గుంజేవాళ్లు ఈ రోజుల్లో కోకొల్లలు. నోటీసులో ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా, ఆ రాష్ట్ర పోలీసు శాఖ అధికారిక వెబ్‌సైటులో ఉన్న స్టేషన్ నంబరుకు ఫోన్ చేసి, కేసు నంబరు, నోటీసు పంపిన అధికారి పేరు చెప్పి నిర్ధారించుకోండి. డబ్బు పంపితే పేరు తీసేస్తామన్నా, వీడియో కాల్‌లో అరెస్టు చేస్తామన్నా అది మోసమే. నోటీసు నిజమైనదైతే అది ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. దర్యాప్తు, అరెస్టు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ అయితే పత్రాలు, వివరాలు అడుగుతున్నారు. 35వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ అయితే విచారణకు రమ్మంటున్నారు. రెండోదాని విషయంలో చట్టం ఒక రక్షణ ఇచ్చింది. నోటీసు ప్రకారం హాజరై, దానికి కట్టుబడి ఉన్నంతకాలం అతన్ని అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే కారణాలను అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. పట్టించుకోకుండా కూర్చుంటే ఆ రక్షణ పోతుంది. నోటీసు వచ్చాక మీ తమ్ముడు ఏమీ చేయలేదని మీ ఉత్తరాన్ని బట్టి నాకు అనిపిస్తోంది. నా ఆందోళన అంతా అక్కడే ఉంది.

అరెస్టు భయం బలంగా ఉంటే ముందస్తు బెయిలు ఉంది. కేసు వేరే రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన మొదటి రోజే అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. వేరే రాష్ట్రంలో ఎఫ్ఐఆర్ నమోదైనా, అక్కడి కోర్టుకు చేరుకునేంత వ్యవధికి ఇక్కడి సెషన్స్ కోర్టు గానీ హైకోర్టు గానీ పరిమితమైన ముందస్తు బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2023 నవంబరులో స్పష్టం చేసింది. ఆపేసిన ఖాతా సంగతి ఇప్పుడు పట్టించుకోకండి. అందులో మీ డబ్బు ఉంటే తర్వాత మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టి అడగవచ్చు. మీరు వెంటనే చేయాల్సింది ఒకటే. ఖాతా, సిమ్ము తన చేతిలో లేవనీ, వాటిని తక్షణం మూసేయమనీ బ్యాంకుకు, ఫోన్ కంపెనీకి మీ తమ్ముడు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆ సిమ్ము పనిచేస్తున్నంతకాలం అతని పేరుతో ఇంకేం జరుగుతుందో ఎవరికీ తెలియదు.

ఫోనులో ఉన్న వాట్సాప్ సంభాషణలు, స్క్రీన్‌షాట్లు ఒక్కటి కూడా చెరిపేయవద్దని అతనికి గట్టిగా చెప్పండి. భయంతో చాలామంది చేసే మొదటి పని అదే. సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద వేరే నేరం. అంతకంటే ముఖ్యంగా, ఆ సంభాషణలే రేపు అతన్ని కాపాడతాయి. ఖాతా ఎవరు అడిగారు, ఏమని చెప్పి అడిగారు, ఎంత ఇచ్చారు, చెక్కులు ఏ తేదీన, ఏ మ్యాచ్ తర్వాత తీసుకున్నారు అన్నది అందులోనే ఉంది.

ఇప్పుడు మీ తమ్ముడి వాదనలకు వద్దాం. ఇవి అతని ఒక్కడివే కావు, ఐడీలు అమ్మేవాళ్లు ప్రతి కుర్రాడికీ నూరిపోసేవి.

రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 34వ అంశం బెట్టింగ్, జూదం. అంటే వీటి మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానిది. తెలంగాణలో అమల్లో ఉన్నది 1974 నాటి గేమింగ్ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన దాన్నే రాష్ట్రం వచ్చాక మనం కొనసాగించుకున్నాం. పందెం కాయడం జూదమేనని దాని నిర్వచనంలోనే ఉంది. 2017లో ఆ చట్టాన్ని సవరించి ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టి ఆడేవాటిని కూడా దాని కిందికి తెచ్చారు. కాబట్టి పేకాట క్లబ్బుల కోసం రాసిన పాత చట్టం ఫోనులో కాసే పందేనికి వర్తించదనే వాదన తెలంగాణలో 2017తోనే పోయింది. సరిహద్దు దాటి విజయవాడ వెళ్లి కాసినా ఒరిగేది లేదు. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో తన చట్టాన్ని ఇలాగే సవరించుకుంది. నిర్వహించేవాడికే కాదు, పందెం కాసేవాడికి కూడా రాష్ట్ర చట్టంలో శిక్ష ఉంది.

గుర్రప్పందేల మాట నిజమే. 1974 చట్టమే వాటికి మినహాయింపు ఇచ్చింది, కానీ ఆ మినహాయింపు ఎంత ఇరుకైనదో చూడండి. పందెం జరిగే రోజునే కాయాలి, పందేన్ని నిర్వహించే స్టీవార్డులు అందుకోసం కేటాయించిన ఆవరణలోనే కాయాలి. మలక్‌పేట రేసుకోర్సు లోపల అనుమతించినది బయట వీధిలో కాస్తే అదే చట్టం కింద నేరం. క్రికెట్‌కు అలాంటి మినహాయింపు ఏదీ లేదు.

నైపుణ్యం సంగతి కొంచెం ఓపిగ్గా చెప్పాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులోనే, 1967లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. పేక ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం ఆడేవాడి నేర్పు అన్నది. 1996లో గుర్రప్పందేల గురించి కూడా అలాంటి తీర్పే వచ్చింది. ఈ రెండింటినీ పట్టుకుని క్రికెట్ పందెం కూడా నైపుణ్యమే అంటున్నారు. కానీ మైదానంలో నైపుణ్యం బ్యాటు పట్టుకున్నవాడిది, బంతి వేసేవాడిది. వచ్చే ఓవర్లో ఎన్ని పరుగులు వస్తాయని హైదరాబాద్‌లో గదిలో కూర్చుని డబ్బు పెట్టేవాడికి ఆ ఫలితం మీద ఏ పట్టూ లేదు. క్రికెట్ పందెం నైపుణ్యమని ఆ తీర్పులు ఎక్కడా అనలేదు. పైగా ఇప్పుడు ఈ చర్చకే పెద్దగా చోటు లేదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, ఆట నైపుణ్యంతో కూడినదైనా అదృష్టంతో కూడినదైనా, గెలిస్తే డబ్బు వస్తుందని డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. అప్పట్లో భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద పేరున్న ఫ్యాంటసీ క్రికెట్ యాప్ డ్రీమ్ 11 ఆ వెంటనే డబ్బు పోటీలు ఆపేసింది, జట్టు స్పాన్సర్‌షిప్ వదులుకుంది. ఆ చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెచ్చుకుంది. సవాలు చేసినంత మాత్రాన చట్టం రద్దయిపోదు.

విదేశీ లైసెన్సుకు ఇక్కడ విలువ లేదు. ఏదో ద్వీపంలో ఇచ్చిన కాగితం అక్కడి చట్టానికి జవాబు చెబుతుంది. దేశం బయటి నుంచి నడుపుతూ ఇక్కడివాళ్లకు సేవ అందించినా తనకు లోబడాల్సిందేనని 2025 చట్టం స్పష్టంగా రాసుకుంది. ఆ చట్టం ఆడేవాడికి శిక్ష వేయదు, నడిపేవాడిని, ప్రచారం చేసేవాడిని, డబ్బు మళ్లించేవాడిని పట్టుకుంటుంది. ఈ ముక్క మీ తమ్ముడు ఎక్కడో చదివి ధైర్యం తెచ్చుకుని ఉండవచ్చు. కానీ రాష్ట్ర చట్టం ఆడేవాడినీ వదలదు. అదీగాక, డబ్బు మళ్లించడానికి తన ఖాతా ఇచ్చినవాడు కేవలం ఆడినవాడిగా మిగలడు.

బెట్టింగ్‌ను చట్టబద్ధం చేయాలనే వాదన కూడా దేశంలో ఉంది. క్రికెట్ ప్రక్షాళన కోసం సుప్రీంకోర్టు నియమించిన లోధా కమిటీ 2016లో ఆ సూచన చేసింది. పూర్తిగా అరికట్టలేకపోతే గట్టి నియంత్రణలో పెట్టడమే మార్గమని 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో అన్నది. ఆధార్, పాన్ జోడించాలని, నగదు లావాదేవీలు ఉండకూడదని ఆ నివేదిక షరతులు పెట్టింది. ఆ చర్చను నేను తేలిగ్గా తీసుకోను. నిషేధం ఉన్నచోట పందెం చీకట్లోకి పోతుందనేది మీ తమ్ముడి విషయంలోనే కనిపిస్తోంది. కానీ సిఫారసు చట్టం కాదు. ఈ రోజు తెలంగాణలో క్రికెట్ మీద చట్టప్రకారం పందెం కాసే మార్గం ఒక్కటి కూడా లేదు.

ఇక బాకీ.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు. పందెంలో గెలిచానని చెప్పి ఎవరూ దావా వేయలేరు. దానికి తోడు, చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదని 23వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణలో బెట్టింగ్ నిషిద్ధం కాబట్టి ఆ బుకీ మీద రెండు తలుపులూ మూసుకున్నాయి. ఈ సంగతి అతనికీ తెలుసు. తెలుసు కాబట్టే ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోటు తీసుకున్నాడు. రేపు అతను కోర్టుకెళ్తే పందెం అన్న మాట నోట రానివ్వడు. చేబదులు ఇచ్చాను, తిరిగి ఇవ్వలేదు అంటాడు.

ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. చెక్కు బౌన్సు కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్, చట్టప్రకారం వసూలు చేయదగిన అప్పుకే వర్తిస్తుంది. పందెం బాకీ అలాంటిది కాదు. కానీ చెక్కు మీద సంతకం తనదేనని ఒప్పుకుంటే, అప్పు ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. 139వ సెక్షన్ అలా అనుకోమంటోంది. ఖాళీ చెక్కు మీద ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చినా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ప్రామిసరీ నోటు విషయంలోనూ డబ్బు ముట్టిందనే భావనతోనే విచారణ మొదలవుతుంది. అది పందెం బాకీ అని చూపించే భారం మీ తమ్ముడి మీద పడుతుంది. చూపించడానికి ఆధారం ఆ వాట్సాప్ సంభాషణలే. అందుకే చెరిపేయవద్దన్నాను.

ఆ రెండు చెక్కుల నంబర్లు రాసి, చెల్లింపు ఆపమని బ్యాంకుకు ఉత్తరం ఇవ్వమనండి. అంతటితో కేసు రాదనుకోవద్దు, చెల్లింపు ఆపించిన చెక్కు మీద కూడా కేసు వేయవచ్చు. అయితే ముందే అభ్యంతరం చెప్పినట్టు కాగితం ఉంటుంది. చెక్కు వెనక్కి వెళ్లాక 30 రోజుల్లోగా అతను నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతేనే కేసుకు దారి ఏర్పడుతుంది. ఆ 15 రోజుల్లోనే వకీలు ద్వారా జవాబు వెళ్లాలి. ఇది పందెం బాకీ, ఫలానా తేదీల్లో ఫలానా మ్యాచ్‌ల మీద అని వివరంగా రాయించండి. పోస్టులో వచ్చిన నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం, కోర్టు సమన్లు వస్తే ఊరు వదిలి తిరగడం ఎంతమాత్రం పనికిరావు. గెలవాల్సిన కేసుల్లో ఏకపక్షంగా డిక్రీలు పడేది అలాగే.

మీ నాన్న ఈ అప్పుకు బాధ్యుడు కాడు. మీరూ కాదు. బుకీ మనుషులు ఇంటికి వచ్చి పెద్దమనుషుల్లా మాట్లాడి, ‘హామీగా మీరొక సంతకం పెట్టండి చాలు’ అంటారు. ఆ సంతకంతోనే లేని బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఒక్క కాగితం మీద కూడా ఎవరూ సంతకం పెట్టకండి. బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం. బెదిరించి డబ్బు లాగితే అదే సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు. వాళ్ల ఫోన్ కాల్స్ రికార్డు చేసి పెట్టుకోండి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఆఫీసులో స్నేహితుల దగ్గర గానీ, బ్యాంకులో గానీ మీ తమ్ముడు చేసిన అప్పులు ఈ కోవలోకి రావు. వాళ్లు నమ్మి ఇచ్చారు, తిరిగి కట్టాల్సిందే. అతని జీతంలోంచి నెలనెలా కొంత కొంత తీర్చమనండి. అలాంటి అప్పుల జాబితా వేరే రాయించండి, అవన్నీ ఒక్కసారి బయటపడితేనే మీకు అసలు లెక్క తెలుస్తుంది. ఈ లెక్కలోకి వచ్చేది ఇంకొకటి కూడా ఉంది. పందేల్లో వచ్చిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. ఆ రాబడి చట్టవిరుద్ధమైనదైనా పన్ను తప్పదు. మొదట్లో గెలిచిన మొత్తాలు పెద్దవైతే ఒక ఆడిటరుకు చూపించండి.

పోలీసుల దగ్గరికి వెళితే తమ్ముడినే పట్టుకుంటారా అని అడిగారు. ఆ ప్రమాదం లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. అతను పందెం కాశాడు, ఖాతా ఇచ్చాడు. రెండూ చెప్పాల్సి వస్తుంది. అయితే అతని పేరు ఇప్పటికే ఒక పోలీస్ స్టేషన్ రికార్డులో ఉంది. దాక్కోవడానికి ఇప్పుడు చోటు లేదు. మిగిలిందల్లా, తనంతట తానుగా వకీలును వెంటబెట్టుకుని వెళ్లి ఖాతా ఎవరికి ఇచ్చాడో చెప్పినవాడిగా కనిపించాలా, లేక వెతికి పట్టుకొచ్చినవాడిగా కనిపించాలా అన్నదే. దర్యాప్తు అధికారికి కావాల్సింది ముఠాలో పైనున్నవాడు. వాణ్ని చూపించగలిగినవాడి పట్ల వ్యవహరించే తీరు, బెయిలు సమయంలో కోర్టు చూసే చూపు రెండూ వేరుగా ఉంటాయి. ఒంటరిగా మాత్రం పంపకండి, వకీలు చదవని వాంగ్మూలం మీద సంతకం చేయనివ్వకండి.

వకీలుకు ఇచ్చే స్తోమత లేదని ఆగకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం మీ జిల్లా కోర్టులోనే ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. మహిళగా మీకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. బెదిరింపుల ఫిర్యాదు మీ పేరు మీద ఇవ్వాలంటే అది పనికొస్తుంది. తమ్ముడికి అర్హత ఉందో లేదో అతని ఆదాయాన్ని బట్టి వాళ్లే చెబుతారు.

చట్టం పక్కన పెట్టి ఇంకో మాట. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. మీ తమ్ముడు ఉన్న జీతమంతా పోగొట్టుకుని కూడా ఇది నైపుణ్యమని వాదిస్తున్నాడంటే, పోయినచోటే రాబట్టుకోవాలన్న ఆశ ఇంకా చావలేదని అర్థం. ఈ స్థితిలో ఇంటివాళ్లు బాకీ తీర్చేస్తే ఆ ఐడీలో మళ్లీ కొత్త పాయింట్లు పడతాయి. మీ నగలు తాకట్టు పెట్టవద్దనడానికి నాకు ఇది రెండో కారణం, నిజానికి మొదటిదానికంటే బలమైనది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కొన్ని నెలలపాటు అతని జీతం ఖాతాను మీరు చూసుకుంటానని అడగండి. ఖర్చులకు వారానికి ఇంత అని ఇవ్వండి. ఇరవై ఆరేళ్లవాడికి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. అతను ఒప్పుకుంటేనే చేయండి, కానీ ఒప్పించడానికి గట్టిగా ప్రయత్నించండి. తిట్టడం వల్ల పని జరగదు. మనకు దొరికిపోయానన్న భయంతో ఇంకో ఐడీ దాచిపెట్టుకుంటాడు.

నాన్నకు చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. ఊళ్లో ఎవడో వచ్చి వాకిట్లో నిలబడి చెప్పేలోపు మీ నోట వినడం మంచిది. తమ్ముడిని కూర్చోబెట్టుకుని అతని చేతనే చెప్పించండి, మీరు పక్కన ఉండండి. నోటీసు, బ్యాంకుకు ఇచ్చిన ఉత్తరం, వకీలు పేరు చేతిలో పెట్టుకుని వెళ్లండి. అవి లేకుండా వెళ్తే ఆయన వినగానే పొలం బేరం పెడతాడు. బాకీ ఎంత అన్న ప్రశ్న ముందు వస్తుంది. అది కట్టనక్కర్లేనిదని మొదటి నిమిషంలోనే చెప్పేయండి, ఖాతా సంగతి ఆ తర్వాత చెప్పండి.